ముడి లేని అక్షరం

అట్ల చూడకు జోసెఫ్ నాయినా. ఆలస్యమైంది, ఒప్పుకుంట. అందరు పొద్దుగాలనే వచ్చి, తమ తమ సమాధులకు సున్నాలేసి, పూలు పెట్టి, అన్నాలకు పోయిన్రు. నేనే ఆఖరు. కావాలనే ఆఖరుకు వచ్చిన. ఇయ్యాల నా పని నలుగురు చూసే పని కాదు.

ఏందీ గడ్డి? పోయిన సమాధుల పండుగకు పీకినదే కదా, ఏడాది తిరిగేసరికి మోకాలెత్తు. నీ మీద మొలిచినంత గడ్డి నా పెరట్ల మొలిస్తే రెండు బర్రెలను సాదేదాన్ని. నవ్వకు. నడుము వంగుతలేదు నాకు.

ఇగో సున్నం బకెట్. నీలం కలిపిన. ఇగో కుంచె, నల్ల రంగు, కొవ్వొత్తులు, మన కొడుకు జోసెఫ్ కొనిచ్చిన సెల్లు. ఒక్కటి మరవకుండ తేవాల్నని రాత్రే కాగితం మీద వరుసగ రాసుకున్న. అన్నీ తెచ్చిన. కాగితం ఇంట్ల మరిచిన.

సంచిల ఇంకోటి ఉన్నది. తర్వాత చూపిస్త.

నా తలకాయ మంచిగ లేదయ్యా. జోసెఫ్‌కు చెప్పలేదు. వాడు భూపాలపల్లిల, బొగ్గు బాయిల పని. నెలకోసారి వస్తడు. వాడున్న రెండు రోజులు మంచిగనే ఉంట. పోయినంక మొదలైతది. కూరల ఉప్పు రెండుసార్లు. పొయ్యి మీద పాలు, నేను వాకిట్ల. మొన్న బస్టాండుల నిలబడి, ఎటు పోవాల్నో యాదికి రాక, వచ్చిన బస్సెక్కి తొర్రూరుల దిగిన. ఎవరో అడిగితే చుట్టాలింటికి అన్న. తొర్రూరుల మనకు చుట్టాలెవరున్నరు?

చదువు మాత్రం పోలేదు. మిరపకాయలు కట్టిచ్చిన కాగితం కూడ విప్పి చదువుత, ఇప్పటికీ. బడి మెట్టు ఎక్కని దాన్ని. నువ్వు వాకిట్ల పిల్లలకు ఉపదేశం చెప్తుంటే, పొయ్యి కాడ కూసోని విని, నీ పలక చూసి నేర్చుకున్న. నేను చదువుత అని నీకు తెలిసేసరికి నాకు ముగ్గురు పిల్లలు, గుర్తున్నదా? "ఎవరు నేర్పిన్రే?" అన్నవ్. నువ్వే నేర్పినవ్, వీపు నాకు పెట్టి.

సరే. అసలు సంగతికి వస్త. నాన్చి నాన్చి చెప్తున్న గని, చెప్పుడు కష్టంగున్నది.

ఈ ఏడు మన దగ్గర అందరు పని బందు పెట్టిన్రు. తెలంగాణ ఇచ్చేదాక ముట్టమని. సార్లు బడికి పోలే, బస్సులు తిరగలే, మనోడు బాయిలకు దిగలే. బొగ్గు లేదు, కరెంటు లేదు. నలభై రెండు రోజులు. సమ్మె ఆగింది గని కరెంటు ఇంక సక్కగ వస్తలేదు. నువ్వుంటే గుడి మైకు పట్టుకోని ముందల నడిచేటోడివి. ఆ అరవై తొమ్మిదిల ఉరికినట్టు.

గా సమ్మెల ఒక పిల్ల వచ్చింది. రజని. హన్మకొండ పిల్ల, హైద్రాబాద్‌ల పెద్ద చదువు. మలయాళం దేశం పోయి రైల్ల వస్తుంటే మానుకోటల ఆపేసిన్రట. పట్టాల మీద పొయ్యిలు పెట్టి అన్నాలు వండుతున్నరట. ఈ పిల్లకు కూడ పెట్టిన్రట, తిన్నదట! తిని, ఆటో ఎక్కి, ఎవరిదో బండెక్కి, సగం దూరం నడిచి, మాపటికి మన వాకిట్ల నిలవడ్డది.

నీ పేరు చెప్పి, "ఉపదేశి ఇల్లు ఇదేనా అవ్వా?" అన్నది.

"ఇల్లు ఇదే. ఉపదేశి పదిహేడేండ్ల కింద పోయిండు. ఆయనతోనే పనుంటే గుడి వెనకకు పో" అన్న.

పిల్ల బెదరలే. పకపక నవ్వింది. "మీతోని మాట్లాడొచ్చా మరి?" అన్నది. ఒక్క రోజుకు వచ్చిన పిల్ల, బస్సులు మల్ల నడిచేదాక నా కాడనే ఉన్నది. జొన్న గడక తిన్నది, నా తల దువ్వింది.

ఎందుకు వచ్చిందంటవా? అగో, గా అక్షరం కోసం. నీ సమాధి మీద, పేరు పైన ఉన్నది చూడు. గా అక్షరం కోసం.

మన గుడి గడ్డం ఫాదర్‌ను అడుగు, ఆయన కూడ పోయి ఇప్పుడు నీ పక్కకే ఉండొచ్చు. మలయాళం దేశం నుంచి తెచ్చుకున్న సురియాని పుస్తకం ఉండె కదా ఆయన కాడ, కుడి నుంచి ఎడమకు చదివేది. ఏసుప్రభువు మాట్లాడిన అరమాయిక్ మాట, దాని లిపిల నుంచి పుట్టిన అక్షరాలు అనేటోడు. నీకొక్కనికే నేర్పిండు. చావు పాటలు ఆ భాషల పాడితే ఆయన పానం నిమ్మలమైతదని.

ఆ పుస్తకంల ఉన్న ఒక్క అక్షరం మిగతా పుస్తకాలల్ల లేదట. ఫాదర్ వాళ్ల ఊరి పాత గుడిలనే రాసేటోళ్లట, చచ్చిపోయినోళ్ల పేర్ల మీద. ఫాదర్ నీకు నేర్పిండు, నువ్వు మన సమాధులన్నిటి మీద రాసినవ్. పుస్తకం ఆయనతోనే మల్ల వాళ్ల దేశం పోయింది. రజని అక్కడ చూసిందట. గా పేజీ పురుగు తిన్నదట, అక్షరం తలకాయ పోయి ఒట్టి తోక మిగిలిందట. వెనక పేజీల నీ పేరు, మన ఊరి పేరు రాసి ఉన్నయట.

"మీ ఊర్ల తప్ప ఇంకెక్కడ లేదు అవ్వా" అన్నది.

మన ఊర్ల మాత్రం ఏడున్నది? నువ్వు పోయినంక కొన్నేండ్లు నన్ను పిలిచి రాయించుకున్నరు. తర్వాత అందరు ఆ అక్షరం లేని బండలు చెక్కిచ్చుకున్నరు. ఇగ నీది ఒక్కటే మిగిలింది. ఏడాదికోసారి సున్నం వేసి, పేరు కప్పి, మల్ల నా చేతితోని రాసుడు. పదిహేడేండ్లు.

ఇప్పుడు ఆ అక్షరాన్ని కంప్యూటర్ల పెడతరట. "ఒక్కొక్క అక్షరానికి ఒక నంబరు ఉంటది అవ్వా. నంబరు లేని అక్షరం మిషిన్‌కు తెల్వదు. ఖాళీ డబ్బా చూపిస్తది" అన్నది. చూపించింది కూడ. నాలుగు పలకల డబ్బా, లోపల ఏం లేదు. పేరు రాయని సమాధి లెక్క ఉన్నదయ్యా.

"నంబర్లు ఇచ్చే కమిటీ దేశం అవుతల ఉంటది. మనం కూడ అడుగుతున్నం కదా అవ్వా, మాకొక జాగ కావాలె అని? ఈ అక్షరం కూడ గంతే" అని నవ్వింది. నేను కూడ నవ్విన. అప్పటిదాక మంచిగనే ఉండె.

తర్వాత చెప్పింది. "ఒకసారి నంబరు ఇచ్చినంక తీయరు. తప్పని తెలిసినా తీయరు. తప్పు తప్పుగనే ఉంటది, ఎప్పటికీ."

విన్నవా? మరుపే లేదట దానికి.

నన్ను రాయుమన్నది. రాసిన. ఇరవైసార్లు రాయించింది, ఫోటోలు తీసింది, నీ సమాధి ఫోటో తీసింది. నేను ఏం చెప్తే అది, ఎట్ల చెప్తే అట్ల రాసుకున్నది. "గిట్ల" అంటే "గిట్ల" అనే రాసింది. మన మాటను సినిమాలల్ల జోకర్లకు, దొంగలకు పెడతరు. ఈ పిల్ల నా మాటను గీత కొట్టకుండ రాసుకుంటుంటే, ఏం చెప్పాలె... పెండ్లినాడు కూడ నేను అంత పెద్దదాన్ని కాలే.

చివరికి పోయే ముందర రోజు కాగితం తెచ్చి చూపించింది. పెద్దగ, మధ్యల గా అక్షరం. కొక్కెం లెక్క తల, దాని కింద ఎడమకు పొడుగు తోక. నేను రాసిందే. నీ సమాధి మీద ఉన్నదే.

చూస్తున్నప్పుడు ఫాదర్ మాట చెవులల్ల పడ్డది. ఎన్నేండ్లకో! "చూడు ఉపదేశీ, ఇది ముడి. పేరు దేవుని చేతిల నుంచి జారిపోకుండ ముడి. అందుకే చచ్చినోళ్లకు. బతికినోళ్ల పేరు మీద వెయ్యకు, వేస్తే బతుకు కూడ ముడి పడ్తది." నీకు చెప్తుండె, నేను చాయ్ ఇస్తున్న.

ముడి అన్నడు. కాగితం మీద ముడి ఏది? ఉన్నది కొక్కెం.

అడిగింది పిల్ల. నా మొఖం చూసి అడిగింది. "అవ్వా, ఇదేనా? ఖాయమేనా? మిమ్మల్ని తప్ప అడగనీకి ఇంకెవ్వరు లేరు."

ఖాయమే అన్న.

ఏం చెయ్యమంటవ్? యాదికి లేదు బిడ్డా అని చెప్పాల్నా? ఇరవై రోజుల సంది నన్ను పుస్తకం లెక్క చదువుతున్న పిల్లకు, పేజీ పురుగు తిన్నదని చెప్పాల్నా?

అప్పుడు చూసిన, కాగితం మీద అక్షరం కింద ఒక పేరు ఉన్నది. నీది అనుకున్న. కండ్లజోడు తుడుచుకోని చూసిన.

అంజమ్మ.

నా పేరయ్యా! ఆ అక్షరం కింద నా పేరు.

"గిదేంది బిడ్డా, బతికినోళ్ల పేరు పెట్టద్దు కదా!" అన్న. "అది ఫోటో కింద రాసినట్టు అవ్వా. అక్షరం చెప్పింది మీరని. మీ పేరు ప్రపంచమంత చూస్తది" అని నా చెంపలు పట్టుకున్నది. గౌరవం చేసింది, పాపం. ఏం తెలుసు దానికి?

నీకు తెలుసు. తెల్వనట్టు ఉండకు. ఫాదర్ వాళ్ల దేశం పోయే ముందర, "ఒకసారి రాసి చూపించు" అంటే, పలక మీద ఎవరి పేరు రాయాల్నో తోచక నీ పేరు రాసి దాని మీద అక్షరం పెట్టినవ్. ఫాదర్ తన తెల్ల అంగీ అంచుతోని తుడిచిండు. పలక గుంజుకోని బోర్లించిండు. నువ్వు నవ్వినవ్. ఆరు వారాలు. కడుపునొప్పి అన్నవ్, జనగామ చేరకముందే దారిల పోయినవ్. ఫాదర్ రైలెక్కుడు ఆపి, వచ్చి, నీ సమాధి మీద ఆయనే రాసిండు. ఒట్టిదే అంటవా? చెప్పు, ఒట్టిదే అను. నేను కూడ పదిహేడేండ్ల సంది ఒట్టిదే అనుకుంటున్న.

ఇప్పుడు తెలిసిందా, ఎందుకు ఆఖరుకు వచ్చిన్నో? రజని జనగామల నెట్ సెంటర్ల కూసున్నది. ఇయ్యాలే ఆఖరు తారీఖట. కరెంటు వచ్చుడుతోనే పంపుతది. నాకేమో ఇది ముడో, కొక్కెమో తెల్వాలె.

ఇగో, సంచిల తెచ్చింది ఇదే. తాపీ. సున్నం గీకనీకి.

ఫాదర్ రాసింది ఈడనే ఉన్నది కదా! నా పదిహేడు సున్నాల కింద. ఆయన చేతి రాత ఆడనే ఉన్నది. మెల్లగ గీకుత. నొప్పి పుడితే చెప్పు.

ఇది పోయినేడాదిది. నీలం ఎక్కువైంది, చూడు, ఆకాశం లెక్క. కొక్కెమే. దీని కిందిది... ఇది కూడ కొక్కెమే. ఇగో ఇది, ఆ ఏడు సున్నం పాడుది, పెచ్చులు ఊడుతున్నది. కొక్కెం. నోరు ఇంత పెద్దగ తెరిచి లేదు. కొంచెం మూసుకోని ఉన్నది.

ఆగు. ఊపిరి తీసుకోని.

ఇది జోసెఫ్ పెండ్లి ఏడు. గోడలకు వేయంగ మిగిలిన గులాబి రంగు కలిపిన, నువ్వు పెండ్లికొడుకు లెక్క ఉన్నవని ఆడోళ్లు నవ్విన్రు. దీంట్ల కొక్కెం నోరు సగమే ఉన్నది. చూస్తున్నవా? నేను కిందికి పోయిన కొద్ది నోరు మూసుకుంటున్నది.

అయ్యో. అయ్యో జోసెఫ్ నాయినా.

ఏడాదికి గింత. గోరంత. సున్నం వేసిన ప్రతిసారి మతిల నుంచి గీసిన, ప్రతిసారి గోరంత విడిపోయింది. నా తలకాయ ఎప్పటి సంది జారుతున్నదో, నేనే నా చేతితోని పొర పొరకు రాసిపెట్టుకున్న. జోసెఫ్‌కు చెప్తే దవాఖానకు పోదమంటడు. ఏ డాక్టర్ చూపిస్తడు ఇంత సక్కగ?

ఇగ ఆఖరు పొర. రాయి తగులుతున్నది.

ఉన్నది.

ముడే. సూది బెజ్జమంత గుండ్రంగ, తాడు తన మీద నుంచి తానే తిరిగి బిగిసినట్టు, దాని కింద తోక. ఎంత సక్కగున్నది... ఫాదర్ ఏడుస్తనే రాసిండు, అయినా వంకర పోలేదు. గిది, అక్షరమంటే. మిషిన్‌లకు పోతున్నది నా మరుపు.

చెప్పాలె. పిల్లకు చెప్పాలె. రెండో నంబరు ఒత్తి పట్టుకుంటే పోతదన్నది...

అగో. దాని ఫోనే వస్తున్నది.

హలో. ఆఁ బిడ్డా, నేనే... వచ్చిందా? ఎంతసేపు ఉంటదట?... గంటేనా?... లేదు, ఏడుస్తలేను. సున్నం కండ్లల్ల పడ్డది. సమాధుల కాడ ఉన్న.

బిడ్డా, ఒక్క మాట. నా పేరు తీసేయొచ్చా దాని కింద నుంచి?... ఊఁ... ఊఁ... చెప్పినోళ్ల పేరు లేకపోతే నమ్మరా?... వేరే కాగితం మీద పెట్టు మరి... టైం లేదా... కాదు బిడ్డా, సిగ్గు ఎందుకు? గౌరవమే. గౌరవమే.

ఏందీ?

అక్షరమా...

ఖాయమే బిడ్డా. మొన్న చెప్పిందే. దాన్నే పంపు.

ఆఁ. తిన్న. నువ్వు తిను.

పంపుతదట. పంపుతనే ఉన్నదట, మాట్లాడుకుంటనే.

తిట్టు. నువ్వు తిట్టవు, అదే నీతోని కష్టం.

చెప్తే ఏమయ్యేది, ఆలోచించు. పిల్ల సంతోషంగ కొక్కెం తీసి ముడి పెట్టేది. ఫాదర్ ముడి, నిజం ముడి. ఏడ పెట్టేది? నా పేరు మీద. ఈ లోకంల ఉన్న మిషిన్లన్నిటిల నా పేరు మీద, తీయరాకుండ. నువ్వు ఒక్క పలక మీద పెట్టుకుంటేనే ఆరు వారాలు.

డెబ్బై ఆరేండ్ల ముసల్దానికి ఇంక ఏం పానం తీపి అంటవా? నాకు కూడ తెల్వదు. ఫోన్ చెవుల పెట్టుకుంటే గొంతులకు ఆ మాటే వచ్చింది. తెలంగాణ వస్తే చూడాలనున్నది. జోసెఫ్ వచ్చే వారం వస్తనన్నడు. గంతే. ఇంతకన్న పెద్ద కారణం ఏం లేదు.

ఇగ ఫాదర్ అక్షరం ఏ మిషిన్‌ల దొరకది. ఆయన వాళ్ల ఊరోళ్లు ఎన్ని వందలేండ్లు కాపాడుకున్నరో, నేను ఒక్క మాటతోని పోగొట్టిన. కావాలని. మరిచిపోయి కాదు. ఇది మాత్రం మరిచిపోయి చేసింది కాదు.

రా, నీ పని చేస్త. ముందుగాల ఫాదర్ గీతల మీదనే నల్ల రంగు దిద్దుత. ముడి... గిట్ల తిప్పి... గిట్ల లోపలికి. అయింది. నీకు ముడేసిన. నువ్వు జారిపోవు.

ఇప్పుడు దాని మీద సున్నం. అక్షరం మీద, పేరు మీద, అంతట వెయ్యాలె, గీకిన గుర్తు కనవడద్దు. మీద మల్ల కొక్కెమే గీస్త, ఎవరన్న ఫోటోతోని సరిచూసుకున్నా తేడా రావద్దు. లోపల నిజం, మీద నాది. రేపటికి ఈ అబద్ధం నాకు యాదికి కూడ ఉండది కావచ్చు. పొద్దుగాల లేచి, ఖాయమే, అనుకుంట. మిషిన్ ఒక్కటే యాది పెట్టుకుంటది.

మంచిగ తెల్లగైనవ్. ఎండ ఉన్నది, జల్ది ఆరుతది. కొవ్వొత్తులు మాపటికి అందరు మల్ల వచ్చేసరికి ముట్టిస్త.

ఆరింది. ఇగో, కుంచె ముంచిన. కొక్కెం గీసిన. ఇగ కింద నీ పేరు.

నీ పేరు...

ఉండు. ఏనాడు నోటితోని పలికిన దాన్నా? మొగని పేరు పలకద్దని మా అమ్మ చెప్పింది, పలకలే. ఏడాదికోసారి రాసుడే. పోయినేడాది కూడ గిట్లనే కుంచె పట్టుకోని నిలవడ్డ, ఇంటికి పోయి రేషన్ కార్డు చూసుకోని వచ్చిన. నీకు చెప్పలే. అందుకే ఈసారి కాగితం మీద మొదటి వరుసల నీ పేరే రాసుకున్న. సున్నం కన్న ముందల. నీలం కన్న ముందల.

కాగితం ఇంట్ల ఉన్నది.

ఇప్పుడే కదా సున్నం వేసిన. వేసేటప్పుడు ఉండె కదా కింద...

చెప్పకు, చెప్పకు. నేనే యాది చేసుకుంట. నీ పేరు నీ కాడ ముడేసుకోని ఉన్నది కదా, ఏడికి పోతది? రంగు ఎండిపోతున్నది గని, పోనీ. జర జరుగు, నీ పక్కకు కూసుంట.